ఒక నంబరు తక్కువ

బూట్ల డబ్బా పక్కన అతికించి ఉండే చిన్న కాగితాన్ని చాలామంది చూడరు. ధర చూసి వదిలేస్తారు. నేను పదేళ్లకు పైగా దాన్ని చూస్తూనే బతుకుతున్నాను. ఒకే జోడుకు దాని మీద నాలుగు నంబర్లుంటాయి. ఇంగ్లండు లెక్కలో ఐదు. అదే జోడు అమెరికా లెక్కలో ఆరు. యూరప్ వాళ్లకు ముప్పై ఎనిమిది. చివర సెంటీమీటర్లు. మా దుకాణానికి వచ్చేవాళ్లలో ఆ నాలుగింటిలో తమది ఏదో తెలిసినవాళ్లు తక్కువ. నాకు మాత్రం నిద్రలో లేపి అడిగినా తెలుసు. ఆ తెలివిని ఒకసారి ఎట్లా వాడానో చెప్పడానికే ఇది రాస్తున్నాను. చెప్పుకుంటే మనసు తేలిక పడుతుందని కొందరంటారు. నాకు ఆ ఆశ లేదు, చెప్పి చూశాను కనుక.

మాది కట్టంగూర్. పత్తి, కొంచెం వరి, ఒక బోరు. డిగ్రీ రెండో ఏడు తప్పి ఇంట్లో కూర్చుంటే బాపు ముఖం చూడలేక నల్గొండలో గడియార స్తంభం దగ్గరున్న చెప్పుల దుకాణంలో చేరాను. తెలంగాణ వచ్చిన కొత్తలు. ఊళ్లో నా ఈడు వాళ్లందరూ సర్కారు నౌకరి మీద ఆశతో పుస్తకాలు పట్టుకుని తిరుగుతుంటే నేను ఎత్తుపీట మీద కూర్చుని పరాయి వాళ్ల పాదాలు ఒళ్లో పెట్టుకునేవాణ్ణి. "కాళ్లు పట్టుకునే నౌకరి దొరికిందారా" అని మా మేనమామ నలుగురి ముందు నవ్వాడు. అమ్మ మాత్రం చుట్టాలకు నన్ను దుకాణంలో మేనేజరని చెప్పింది. నేను అది తప్పని ఎన్నడూ అనలేదు.

ఆ పని మీద నాకున్న అసహ్యాన్ని నంబర్లతో కప్పుకున్నాను. కంపెనీ పుస్తకాలు చదివాను, ఫోనులో వెతికాను. పిల్లల సైజులు పదమూడు దాకా పోయి మళ్లీ ఒకటి నుంచి పెద్దల సైజులు ఎందుకు మొదలవుతాయో, ఆడవాళ్ల అమెరికా నంబరు ఎందుకు వేరో, ఎవరడిగినా గుక్క తిప్పుకోకుండా చెప్పేవాణ్ణి. అడగని వాళ్లకూ చెప్పేవాణ్ణి. వచ్చినవాళ్లు నోరు తెరుచుకుని వింటుంటే నా ఒళ్లోని కాలు కొంచెం బరువు తగ్గినట్టుండేది.

మా సేఠ్‌కు ఈ నంబర్ల మీద పెద్ద గౌరవం లేదు. అరవై దాటిన మనిషి. ఆయన తాత కాలం నుంచి అదే జాగాలో చెప్పులమ్ముతున్నారు. ఇనుప కొలపట్టీ ఒకటి కంపెనీ వాళ్లు ఇస్తే దాన్ని గోడకు తగిలించి, ఆయన మాత్రం వేలితో నొక్కి చూసేవాడు. ఆయనకున్న నియమం ఒక్కటే. "లేకుంటే లేదని చెప్పు బేటా. నంబర్ తప్పియ్యకు. ఆ మనిషి పొద్దుగాల్నుంచి మాపటిదాంక మనల్ని తిట్టుకుంట నడుస్తడు" అనేవాడు.

పల్లెల నుంచి వచ్చేవాళ్లు పుల్ల తెచ్చేవాళ్లు. ఇది ఇప్పటి పిల్లలకు తెలియదేమో. ఇంట్లో చీపురు నుంచి గట్టి పుల్లను ఒకటి లాగి, చెప్పులు కావలసిన మనిషిని చదునైన బండ మీద నిలబెట్టి, మడమ నుంచి బొటనవేలి కొస దాకా పెట్టి అక్కడ గోటితో తుంచేస్తారు. కూర్చున్న మనిషికి కొలత తీయరు. నిలబడితేనే పాదం పూర్తిగా సాగుతుంది. పొద్దున కూడా తీయరు, పొద్దంతా నడిచి వచ్చాక సాయంత్రం తీస్తారు. ఆ పుల్లను సేఠ్ చెప్పులో పెట్టి ముందర చిటికెన వేలు పట్టేంత ఖాళీ ఉందా లేదా చూసేవాడు. ఉంటే ఆ జోడు, లేకుంటే పై జోడు. నంబరు ఊసే లేదు. పుల్లను మళ్లీ చెప్పులతో పాటు తిరిగి ఇచ్చేసేవాడు, ఇంటికి పోయాక కూడా సరిచూసుకుంటారని.

అట్లా పుల్లలు తెచ్చేవాళ్లలో మర్రిగూడ అవతలి ఊరి పెద్దమనిషి ఒకాయన ఉండేవాడు. ఏడాదికి మూడు నాలుగుసార్లు వచ్చేవాడు. తన ఒక్క ఇంటికి కాదు, ఆయన వాడకట్టు మొత్తానికీ ఆయనే కొలతలు తీసేవాడు. తువ్వాల కొసలో కట్ట కట్టుకుని వచ్చేవాడు. ఒక పుల్లకు నల్లదారం, ఒకదానికి ఎర్రదారం, ఒకదాని కొసకు పసుపు, ఒకదానికి ముడి. ఏది ఎవరిదో ఆయనకే తెలుసు. అక్కడి పాత బోర్ల ఫ్లోరైడు నీళ్లు తాగి మోకాళ్లు వంగిపోయిన మనిషి. బస్సు దిగి దుకాణం దాకా రావడానికి చాలాసేపు పట్టేది. సేఠ్ ఆయన్ని చూడగానే లేచి కుర్చీ వేసేవాడు. "ఈయన పుల్ల ఎన్నడు తప్పలే" అని నాతో అనేవాడు. ఆయన తీసుకుపోయిన జోళ్లు మార్చుకోవడానికి ఒక్కరూ తిరిగి రాలేదట. నాకు అది నచ్చేది కాదు. నేనింత చదివి చెప్పే దానికన్నా చీపురుపుల్లకు ఎక్కువ మర్యాద దొరుకుతోందని లోపల మంటగా ఉండేది. ఇప్పుడు రాస్తుంటే ఎంత చిల్లరగా ఉందో.

కరోనా తగ్గిన తర్వాత పోలీసు ఉద్యోగాలు పడ్డాయి. పట్నాల్లో, మండల కేంద్రాల్లో ఏ మైదానం చూసినా పొద్దున్నే పరుగెత్తే పిల్లలే. మాకు బూట్ల గిరాకీ పెరిగింది. ఒక శుక్రవారం మధ్యాహ్నం సేఠ్ నమాజుకు పోయాడు. గిరాకీ చూసుకోవడానికి నేనొక్కణ్ణే ఉన్నాను. అప్పుడు నాకు ఒక సంబంధం చూస్తున్నారు. అమ్మాయి తరఫు పెద్దమనిషి ఒకాయన, నాకు చెప్పకుండా, చెప్పులు కొనే మిష మీద లోపలికి వచ్చాడు. నేను ఎవరిదో పాదాన్ని ఒళ్లో పెట్టుకుని మట్టి తుడుస్తున్నాను. ఆయన కొద్దిసేపు నిలబడి చూశాడు. "మేనేజరన్నరు గదా" అని ఒక్క మాట అని, ఏమీ కొనకుండానే వెళ్లిపోయాడు. నా చెవులు మండిపోయాయి.

సరిగ్గా ఆ వెనకే పుల్లలాయన వచ్చాడు. చెమటతో తడిసిపోయి ఉన్నాడు. తువ్వాల విప్పి ఏడు పుల్లలు బల్ల మీద పరిచాడు. బెంచీ మీద కూర్చున్న ఒక ఉద్యోగి గారు భార్యను మోచేత్తో పొడిచి, "చీపురంతా పట్టుకొచ్చిండు" అని నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వు నన్ను చూసి నవ్వినట్టే అనిపించింది.

ఆరు పుల్లలకు చెప్పులు తీసి ఇచ్చాను. అవి సరిగానే ఇచ్చాను. ఏడోది నీలం దారం కట్టిన పుల్ల. దాన్ని ఆయన అన్నిటికన్నా చివర, రెండు చేతులతో ఇచ్చాడు.

"సారూ, గిది మా బిడ్డది. పోలీసు నౌకరికి పరీక్ష పాసైంది. ఇగ ఉరుకుడు పెడతరట, ఎనిమిది వందల మీటర్లు. ఉత్తకాళ్ల మీద ఉరుకుతాంది ఇన్నొద్దులు. ఉరికే బూట్లు కావాలె. దాని దోస్తువి తొడిగి చూస్తే ఆరు నంబరు మంచిగ కూసున్నయంట. అయినా నేను పుల్ల తెచ్చిన. పుల్లతోనే చూడుండ్రి."

"బిడ్డను తీస్కరాకపోయినవా కాకా?" అన్నాను విసుగ్గా.

"ఒక పూట పోతది గద సారూ. రెండు పూటల ఉరుకుతాంది." తన మోకాళ్ల వైపు చూపించుకుని నవ్వాడు. "మా ఇంట్ల సీదా కాళ్లున్నది గా ఒక్కదానికే. నీళ్లు మారినంక పుట్టింది."

ఆ మాట నాకు బాగా వినిపించింది. విని కూడా చేశాను కనుకే చెబుతున్నాను.

ఆయన అడిగిన రకంలో ఇంగ్లండు లెక్క ఆరు నంబరు అరలో లేదు. ఐదు ఉంది. ఆరు కావాలంటే ఇనుప నిచ్చెన ఎక్కి పై గోదాంలో డబ్బాలన్నీ కిందికి దింపి వెతకాలి. ఉంటుందో ఉండదో తెలియదు. బెంచీ మీద వాళ్లు తొందర పెడుతున్నారు. నా తలలో ఇంకా "మేనేజరన్నరు గదా" అనే మాటే తిరుగుతోంది. నాకు నిచ్చెన ఎక్కబుద్ధి కాలేదు. ఐదు నంబరు డబ్బా తీసి, కాగితం మీద మిగతా నంబర్లను బొటనవేలితో మూసి, అమెరికా లెక్క దగ్గర ఉన్న అంకె చూపించాను.

"ఇగో కాకా. ఆరు."

ఆయనకు ఇంగ్లిషు రాదు గానీ అంకెలు తెలుసు. తల ఊపాడు. కానీ చేయి చాచి, "పుల్ల పెట్టి చూడుండ్రి సారూ" అన్నాడు.

పుల్లను బూటులోకి దూర్చాను. కొసకు తగిలింది. ఇంకా నొక్కితే విల్లులా వంగింది. చిటికెన వేలు పట్టడం కాదు గదా, పుల్లకే జాగా చాలడం లేదు. అక్కడితో ఆగి, "లేదు కాకా, ఇది చిన్నది, వచ్చే వారం తెప్పిస్తా" అంటే అయిపోయేది. బూటులో నా చేయి ఉంది. ఎవరికీ కనపడదు. గోటితో పుల్ల కొసను తుంచేశాను. చిన్న చప్పుడు వచ్చింది. దాన్ని అరచేతిలోనే పట్టుకుని మిగిలిన పుల్లను సరిగా పడుకోబెట్టి, బూటును ఆయన ముఖం దగ్గరికి ఎత్తి చూపించాను.

"చూడు. కొసకింక జాగ ఉన్నది."

ఆయన ఒక కన్ను మూసి లోపలికి చూశాడు. తృప్తి పడ్డాడు. పుల్లను తీసి నీలం దారం సరిచేసి మళ్లీ కట్టలో పెట్టుకున్నాడు. పోతూ పోతూ, "సల్లగుండు సారూ" అన్నాడు. నా చేతిలోని ముక్కను చెత్తబుట్టలో వేసి, బెంచీ మీద వాళ్ల వైపు తిరిగాను. నిజం చెప్పాలంటే ఆ పూట నాకేమీ అనిపించలేదు. సేఠ్ రాగానే ఇద్దరం చాయ్ తాగాం.

ఐదారు రోజుల తర్వాత దుకాణం నంబరుకు ఫోన్ వచ్చింది. ఆయనే. వెనక గాలి హోరు, ఎవరో ఈల ఊదుతున్న చప్పుడు. "సారూ, బిడ్డకు బొటనవేళ్లు కొడుతున్నయంట" అన్నాడు. గొంతులో ఫిర్యాదు లేదు, అడగడానికి మొహమాటపడుతున్నట్టు ఉంది.

పరుగు పరీక్షకు ఇంకా పది రోజులకు పైగా ఉంది. రమ్మంటే మార్చి ఇవ్వవచ్చు. కానీ మార్చడానికి వస్తే డబ్బా సేఠ్ చేతికి పోతుంది. సేఠ్ నంబరు చూస్తాడు, పుల్ల పెట్టి చూస్తాడు, నా వైపు చూస్తాడు. ఆ మూడో చూపు తలుచుకునే నాకు భయం వేసింది.

"కొత్తయి గద కాకా. నాలుగు రోజులు కరుస్తయి. తర్వాత సదురుకుంటయి. సన్నటి సాక్సులు తొడుగుమను" అన్నాను.

"గంతేనంటవా సారూ?"

"గంతే."

కొత్త చెప్పులు కరుస్తాయని లోకంలో అందరికీ తెలుసు. ఆ మాటకు ఎదురు చెప్పేవాళ్లు ఉండరు. తోలైతే నిజంగానే సాగుతుంది కూడా. పరుగు బూటు ముందు భాగం సాగదు. అది నాకు తెలుసు, ఆయనకు తెలియదు.

తర్వాత రెండు రోజులకు వేరే పని మీద గోదాం ఎక్కితే, మొదటి వరుస డబ్బాల వెనకే ఆ రకంలో ఆరు నంబరు ఉంది. గట్టిగా అయితే ఐదు నిమిషాల పని. ఆ డబ్బాను పట్టుకుని చాలాసేపు అక్కడే కూర్చున్నాను. ఫోన్ చేసి బస్సులో పంపిస్తాననవచ్చు. డ్రైవరు చేతికిచ్చినా చేరేది. చేయలేదు. ఆ మరునాడు దాన్ని ఇంకెవరికో అమ్మేశాను. ఎదురుగా కనిపిస్తుంటే తట్టుకోలేక.

మళ్లీ ఆయన వచ్చింది నెల దాటాక. తువ్వాల భుజం మీద ఉంది, దాని కొసలో కట్ట లేదు. సేఠ్ ఎప్పటిలాగే లేచి కుర్చీ వేశాడు. బిడ్డ సంగతి అడిగాడు.

"ఉరుకుడుల పోయింది సేఠ్ సాబ్" అన్నాడాయన. "బొటనవేలి గోరు నల్లగైంది. కిందంత చీము వట్టింది. బూట్లు తొడగకుంట, ఉత్తకాళ్లతోని ఉరుకుదామన్నా కాలు నేలకానలే. అయినా ఉరికింది. ఆఖరికి వచ్చినంక ఎనకవడ్డది. జరంత ఎనకవడ్డది."

నేను అరలు తుడుస్తున్నాను. తుడిచిందే తుడుస్తున్నాను.

"ఊళ్లె మావోళ్లు దుకాణం మీదికి పోదాం, లొల్లి చేద్దామన్నరు. వద్దన్న. దుకాణపోళ్లది ఏం తప్పు లేదు. నేను ఇంటికివోయి పుల్లను దాని కాలి పక్కన పెట్టి చూసిన సేఠ్ సాబ్. పుల్లనే పొట్టిగున్నది. నా చెయ్యే తప్పింది." నా వైపు తిరిగి చేతులు జోడించాడు. "సారు మంచిగనే చూసి ఇచ్చిండు. ఎవరన్న వచ్చి ఏమన్న అంటే మనసుల పెట్టుకోకుండ్రి సారూ. గది చెప్దామనే వచ్చిన."

ఆ మాట చెప్పడానికి, ఆ మోకాళ్లతో రెండు బస్సులు మారి వచ్చాడు. నేను "పర్వాలేదు కాకా" అన్నాను. నిజంగా అదే అన్నాను. ఆయన నన్ను క్షమాపణ అడిగితే నేను పెద్దమనసుతో క్షమించాను. ఆయన పోయాక సేఠ్ కుర్చీని తిరిగి గోడ పక్కకు జరిపాడు. "ముప్పై ఏండ్ల నుంచి చూస్తున్న. ఈయన కొలత తప్పుడేంది?" అన్నాడు. నన్ను అడగలేదు, తనలో తానే అనుకున్నాడు. నేను వినపడనట్టు చాయ్ తెస్తానని బయటికి పోయాను.

ఆ తర్వాతి ఏడు కంపెనీ వాళ్లు హైదరాబాదులో ఒక హోటల్ హాల్లో మాలాంటి వాళ్లకు రెండు రోజుల క్లాసు పెట్టారు. కొలతలు చెప్పే సారు చాలా హుషారైన మనిషి. గిన్నెలో యవలు, అంటే బార్లీ గింజలు, తెచ్చి మా ముందు బల్లల మీద తలా కొన్ని పోశాడు. వరుసగా మూడు గింజలు కొసకు కొస ఆనించి పెట్టమన్నాడు. అది ఒక అంగుళం అన్నాడు. ఇంగ్లండులో ఒకప్పుడు అంగుళానికి లెక్క అదేనట. ఒక్క గింజ పొడవే ఒక సైజుకు, తర్వాతి సైజుకు తేడా అయింది. ఈనాటికీ అదే. అమెరికా వాళ్లు గింజను ఉంచుకుని మొదలుపెట్టే చోటును మాత్రం జరిపారు. అందుకే ఇంగ్లండు ఐదు అమెరికాలో ఆరవుతుంది. ఫ్రాన్సు వాళ్లు గింజ వద్దనుకుని సెంటీమీటరును మూడు వంతులు చేసి, రెండు వంతులను ఒక సైజుగా పెట్టుకున్నారు. సైన్యాలకైతే నేరుగా మిల్లీమీటర్లే. మన దేశపు పాదాలకు మన కొలతే తేవాలని కూడా ఇప్పుడు చూస్తున్నారని చెప్పాడు. మన శిల్పులు పూర్వం యవలతోనే అంగుళం లెక్క కట్టేవారని ఆయన చెబితే ఎవరో చప్పట్లు కొట్టారు.

నేను చప్పట్లు కొట్టలేదు. నా బొటనవేలి గోరు పక్కన ఒక గింజ పెట్టి చూస్తున్నాను. నేను ఇన్నేళ్లుగా గొప్పగా చెప్పుకున్న నంబరు ఒక గింజ. ఎవడో రైతు చేలో కోసిన గింజ. చీపురుపుల్లను చూసి నవ్వుకునేంత ఎత్తు దానికేముంది? పుల్లైనా ఆ మనిషి పాదాన్నే కొలిచేది. గింజకు ఆ పాదం ఊసే లేదు. గింజను వేలితో తిప్పి దాని పొడవు చూశాను. నేను బూటులో తుంచిన ముక్క అంతే ఉండేది. సరిగ్గా ఒక సైజు తుంచాను. పక్కన కూర్చున్న మిర్యాలగూడ అతను ఏమైందని అడిగాడు. తలనొప్పి అన్నాను.

తిరిగి వచ్చాక ఇంకో మాట తెలిసింది. ఆయన ఊరి మనిషి ఒకడు చెప్పులకు వచ్చాడు. ఉత్తచేతులతో వచ్చి, భార్య చెప్పుల కోసం ఆమె పాతచెప్పు ఒకటి సంచిలో తెచ్చాడు. పుల్ల తేలేదేమని సేఠ్ అడిగితే నవ్వాడు. "పుల్లలు తీసేటాయన ఇప్పుడు తీస్తలేడు. నా చేతికి కొలత పోయిందంటడు. బతిమిలాడినా ఇంటలేడు. కన్నబిడ్డకే తప్పు కొలిచిన, మీకేం కొలుస్తనంటడు" అన్నాడు.

ఆ ఆదివారమే బస్సెక్కాను. సేఠ్‌కు చెప్పలేదు. దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను. ఆయన కొడితే పడాలనుకున్నాను. తిడితే వినాలనుకున్నాను. ఊరందరినీ పిలిచి నిలబెట్టినా తలొంచుకుని నిలబడాలనుకున్నాను. అవమానం తప్ప ఇంకేం జరుగుతుందో నాకు ఊహకు రాలేదు. ఒక రకంగా దాని కోసమే పోయాను.

ఎవరిని అడిగినా ఇల్లు చూపించారు. వాకిట్లో కూర్చుని పత్తి కాయల నుంచి దూది తీస్తున్నాడు. నన్ను చూసి మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని లేచాడు. "సారూ! గింత దూరం? ఏం పని వడ్డది?" అంటూ తువ్వాలతో అరుగు దులిపాడు. కూర్చోలేదు. నిలబడే చెప్పాను. నంబరు మూసి చూపించిన సంగతి, పుల్ల వంగిన సంగతి, గోటితో తుంచిన సంగతి, ఫోనులో చెప్పిన అబద్ధం, గోదాంలో దొరికిన జోడు. ఒక్కటీ దాచలేదు. చెబుతుంటే నా గొంతు నాకే వేరే ఎవరిదో అనిపించింది.

ఆయన వింటూ వింటూ నవ్వడం మొదలుపెట్టాడు. వెటకారపు నవ్వు కాదు. కళ్లలో నీళ్లతో నవ్వాడు.

"సారూ, గింత మంచితనం పనికిరాదు. నా బాధ ఎవలన్న చెప్పిన్రా నీకు? నేను కొలత బంద్ జేసిన్నని తెలిసి వచ్చినవా?"

"కాదు కాకా. నేను నిజంగనే తుంచిన."

"తుంచితే నాకు తెల్వదా? నా కండ్ల ముందలనే పెట్టి తీస్తివి. నేను ఒంగి చూస్తి. కొసకు జాగ ఉండె." నా భుజం మీద చెయ్యేశాడు. "నా తప్పు నీ మీద ఏసుకునుడు ఎందుకు? అయిపోయిన దానికి నువ్వేం ఫికర్ చెయ్యకు."

మళ్లీ చెప్పాను. ఈసారి గట్టిగా, దాదాపు కోపంగా చెప్పాను. అప్పుడు గడపలో నిలబడి వింటున్న బిడ్డ బయటికి వచ్చింది. నేను ఆమెను చూడడం అదే మొదటిసారి. పొడుగ్గా, గట్టిగా ఉంది. ఇప్పుడు మండల కేంద్రంలో ఒక మందుల దుకాణంలో పనిచేస్తోందని తర్వాత తెలిసింది. వయసు దాటలేదు గానీ మళ్లీ నోటిఫికేషన్ పడలేదు.

"బాపూ, గాయన అబద్ధం చెప్తలేడు" అన్నది. నా ముఖం చూస్తూనే అన్నది.

"సప్పుడు జెయ్యకు" అని ఆయన గదిమాడు. "ఇంటికొచ్చిన మనిషిని గట్లనే అంటరా? చాయ్ పెట్టు పో." పక్కింటి గోడ మీదుగా తొంగి చూస్తున్న ఆయనను పిలిచి నన్ను చూపించాడు. "చూసినవా? నేను మనసుల పెట్టుకున్ననని నల్గొండ నుంచి వచ్చి, తప్పు నాదే అంటుండు. గిసొంటోళ్లు కూడా ఉన్నరు లోకంల."

పక్కింటాయన నాకు దండం పెట్టాడు. నాకు భూమిలోకి పోవాలనిపించింది. మూడోసారి చెప్పాలని నోరు తెరిచాను. రెండుసార్లు చెప్పిన మాట మూడోసారి చెబితే ఇంకా మంచివాణ్ణి అవుతాను తప్ప ఆయన నమ్మడని అర్థమైంది. ఆ బిడ్డ చాయ్ తెచ్చి ఇచ్చింది. తాగాను. వద్దంటే మర్యాద కాదు. చక్కెర ఎక్కువ వేసింది, మా వైపు చుట్టాలకు వేసినట్టు. ఆయన ఎదురుగా కూర్చుని, నేను కప్పు కింద పెట్టేదాకా సంతోషంగా చూస్తూ ఉన్నాడు.

బస్సు దాకా సాగనంపమని బిడ్డను పంపాడు. ఆమె నా ముందు నడుస్తోంది. రబ్బరు చెప్పులు వేసుకుంది. అడుగులు పెద్దవి, నేను అందుకోవడానికి కొంచెం పరుగుపెట్టవలసి వచ్చింది. రోడ్డు మీదికి వచ్చాక ఆగింది.

"అన్నా" అన్నది. తిట్టబోతోందనుకున్నాను. తిట్టాలని కోరుకున్నాను.

"ఎంత తుంచినవ్?"

"ఆ?"

"పుల్ల. ఎంత తుంచినవ్?"

నా చూపుడు వేలు పట్టుకుని, కొస నుంచి గోరు సగం దాటిన దాకా బొటనవేలి గోటితో గీత పెట్టి చూపించాను. ఆమె దగ్గరికి వంగి చూసింది. వాళ్ల బాపు బూటులోకి చూసినట్టే జాగ్రత్తగా, ఒక కన్ను మూసి చూసింది. బస్సు వస్తున్న చప్పుడు వినిపిస్తోంది.

"గంతేనా?" అన్నది.

నేను తల ఊపాను. ఆమె బస్సు ఆపడానికి చెయ్యెత్తింది.